బీరువాలో టెరాబైట్లు

పట్టుచీరల మడతల మధ్య, కలరా ఉండల వాసనలో, చేతిరుమాలు చుట్టిన ఒక నల్లటి పెట్టె. గత పదిహేనేళ్ళలో పెళ్ళి జరిగిన తెలుగు ఇళ్ళల్లో బీరువా తెరిస్తే చాలాచోట్ల ఇది కనిపిస్తుంది. పెళ్ళయిన నెలకో రెండు నెలలకో ఫోటోగ్రాఫర్ ఫోన్ చేసి, "ఒక హార్డ్ డిస్క్ తెచ్చివ్వండి సార్, మొత్తం డేటా కాపీ చేసిచ్చేస్తా, తర్వాత మా దగ్గర ఉండదు" అంటాడు. కొత్త పెళ్ళికొడుకు హడావిడిగా ఒక టెరాబైటుది కొనిచ్చి వస్తాడు. నిండి తిరిగొచ్చిన ఆ పెట్టెకి నగల పక్కన చోటు దొరుకుతుంది. ఇక దాన్నెవరూ ముట్టుకోరు. నగలనైనా ఏడాదికోసారి ఎవరి పెళ్ళికో బయటికి తీస్తారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఒకతను మాత్రం పదకొండేళ్ళ తర్వాత తీశాడు. తీయించింది కూతురు. తను పుట్టకముందే పోయిన తాతయ్యని ఆ పిల్ల గోడ మీది ఫోటోలోనే చూసింది. దండ వెనక ఉన్న ఆ ముఖం దానికి బాగా తెలుసు. కానీ ఒకరోజు అన్నం తింటూ తింటూ, "తాతయ్య ఎలా నడిచేవాడు?" అని అడిగింది. నడక! అదెలా చెప్పాలి? మాటల్లో చెప్పబోయి, కుదరక, లేచి హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూపించాడు. "అది మీ నడకే" అంది భార్య. దాంతో బీరువా తెరిచారు. కేబుల్ వెతకడానికి అరగంట పట్టింది. లాప్‌టాప్‌కి తగిలించగానే చిన్న నీలం దీపం వెలిగింది. లోపల్నుంచి చప్పుడు మొదలైంది. టక్. టక్. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

ఆ రాత్రి నిద్రలో కూడా అతనికి అదే వినిపించింది. వస్తువులు చెడిపోవడం కొత్తేమీ కాదు. మిక్సీ చెడితే మిక్సీ పోతుంది. ఈ పెట్టె చెడితే పోయింది పెట్టేనా? అందులో ఉన్నది ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా?

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. చిన్నవాటిలో అవి సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు, పెద్దవాటిలో చాలావరకు 7,200 చుట్లు తిరుగుతాయి. వాటి మీద చదివే తల ఒకటి, ముట్టుకోకుండా తేలుతూ ఉంటుంది. రెండింటికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లు. వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు. ఆ తల తన దారి గుర్తులు తాను పోల్చుకోలేకపోతే, చీకట్లో ఇంటి నంబరు దొరకని కొత్త పోస్ట్‌మ్యాన్‌లా వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ ఒక టక్కు. డేటా రికవరీ చేసేవాళ్ళు చెప్పిన రేటుకి అలాంటి డ్రైవులు కొత్తవి నాలుగొస్తాయి, అది కూడా దొరుకుతుందన్న పూచీ లేకుండా. ఏ కంపెనీ డ్రైవన్నది ఇక్కడ అనవసరం. ఏ కంపెనీదైనా ఒకరోజు ఆగేదే.

ఇంత సున్నితమైన వస్తువు మీద ఇంత నమ్మకం ఎలా కుదిరిందా అని చూస్తే కథ 1956కి వెళ్తుంది. ఐబీఎం ఆ ఏడాది తెచ్చిన ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. ఆ డిస్క్ యూనిట్ బరువు దాదాపు ఒక టన్ను. పట్టేది 50 లక్షల అక్షరాలు. మొత్తం యంత్రానికి నెల అద్దె 3,200 డాలర్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక మంచి ఫోటో అందులో పట్టకపోవచ్చు. 1980లో సీగేట్ 5 మెగాబైట్ల డ్రైవుని బల్ల మీద పెట్టుకునేంత చేసి 1,500 డాలర్లకి అమ్మింది. ఈ లెక్కలు చదివినప్పుడల్లా మనిషికి ఒక గర్వం కలుగుతుంది, మనం చాలా ముందుకొచ్చామని. టక్కుమంటున్న పెట్టె పక్కన పెట్టుకుని చదివితే మాత్రం అంత గర్వం కలగదు.

ఒక శనివారం అతను సికింద్రాబాద్ పార్క్ లేన్ వెళ్ళాడు. కంప్యూటర్ సామాన్లకి హైదరాబాదంతా వెళ్ళేది అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే, అందరి నోటా సీటీసీ. ఎనిమిది టెరాబైట్ల హార్డ్ డిస్క్ ఉందా అని అడిగితే కౌంటర్ మీది కుర్రాడు తల ఎత్తకుండా, "సీసీటీవీకా అన్నా?" అన్నాడు. ఇంటికి అంటే అప్పుడు తల ఎత్తాడు. లాప్‌టాప్‌లన్నీ ఎస్‌ఎస్‌డీలకి మారిపోయాయి. పెద్ద హార్డ్ డిస్కులు కావాలని వచ్చేవాళ్ళల్లో ఎక్కువమంది వీధి గుమ్మానికీ దుకాణానికీ కెమెరాలు పెట్టించేవాళ్ళే. ఆ కెమెరాల కోసం చేసిన డ్రైవులు తెంపులేకుండా రాసుకుపోయేలా ఉంటాయి. ఎక్కడైనా ఒక ముక్క సరిగ్గా రాకపోతే ఆగి పట్టుబట్టకుండా ముందుకి పోతాయి. ఇంట్లో దాచుకోవడానికి పనికిరావని కాదు. కానీ దొంగ నడకలో ఒక ఫ్రేము పోయినా పోలీసుకి నష్టం లేదు, తాతయ్య నడకలో పోతే?

"చిన్నది తీసుకోండన్నా, జేబులో పడుతది" అన్నాడు కుర్రాడు. జేబులో పట్టే రకం, అడాప్టర్ అక్కర్లేనిది, ఐదారు టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి కావాలంటే ఇటుకంత పెట్టె, దానికి వేరే కరెంటు వైరు. కానీ టెరాబైటు లెక్కన చూస్తే సాధారణంగా ఆ ఇటుకే చవక. సంతలో కిలో ఉల్లిపాయల కన్నా బస్తా గిట్టుబాటైనట్టే. దానికి కారణం ఉంది. మోటారు, బోర్డు, డొక్కు, రవాణా, ఇవి చిన్న డ్రైవుకైనా పెద్దదానికైనా తప్పవు. అందుకే ఒక టెరాబైటు డ్రైవు ధర ఎంతకీ ఒక మట్టం కిందికి దిగదు. అలాగని అన్నిటికన్నా పెద్దది కొనబోతే కొత్త మోడల్ అని ధర నెత్తికెక్కుతుంది. బేరం ఎప్పుడూ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఏడాదేడాదికీ ఆ మధ్య జరుగుతూ ఉంటుంది.

కొన్నాక ఇంకో గొడవ. ఎనిమిది టెరాబైట్లని అట్ట మీద ఉంటుంది, కంప్యూటర్‌కి తగిలిస్తే 7.27 చూపిస్తుంది. మిగతాది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెట్టింది, విండోస్ 1,024 చొప్పున లెక్కపెట్టి పేరు మాత్రం అదే రాసింది. ఊరూరికీ కుంచం మారిన రోజుల్లో మన తాతలకి ఇది వివరించి చెప్పాల్సిన పని ఉండేది కాదు. "ఏ కుంచం?" అని ముందే అడిగేవాళ్ళు.

అట్ట మీద రాయని సంగతులు మరీ చిక్కు. పళ్ళెం మీద గీతలు పక్కపక్కనే కాకుండా ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా రాసే పద్ధతి ఒకటుంది. ఎస్‌ఎంఆర్ అంటారు. పెంకుటింటి కప్పు గుర్తొస్తే చాలు. పెంకు మీద పెంకు పేర్చడం వల్ల తక్కువ చోట్లో ఎక్కువ పడుతుంది, కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ కదపాలి. ఒకసారి నింపి బీరువాలో పెట్టేవాళ్ళకి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. నాలుగు డ్రైవులు కలిపి ఇంట్లో సర్వర్ కట్టుకునేవాళ్ళకి మాత్రం నరకం. పోయిన డ్రైవు స్థానంలో కొత్తది పెట్టి మళ్ళీ నింపుతుంటే రోజుల తరబడి సాగుతుంది, ఒక్కోసారి సిస్టమ్ దాన్ని చెడిపోయిందనుకుని బయటికి నెట్టేస్తుంది. అలాంటి ఇళ్ళ సర్వర్ల కోసమే అమ్మే రెడ్ డ్రైవుల్లో కొన్నిటిలో వెస్టర్న్ డిజిటల్ ఈ పద్ధతిని చెప్పకుండా వాడిందని 2020లో బయటపడింది. సంగతి కోర్టుల దాకా వెళ్ళింది. ఆ తర్వాత పాత పద్ధతి డ్రైవులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. సీగేట్, తోషిబాల డ్రైవుల్లోనూ చెప్పని పెంకులు కనిపించాయి. ఈ ముగ్గురూ కాక లోకంలో చెప్పుకోదగ్గ హార్డ్ డిస్క్ తయారీదారు ఇంకొకరు లేరు. మాక్స్‌టర్ సీగేట్‌లో కలిసింది. ఐబీఎం డ్రైవుల వ్యాపారం హిటాచీకి, అక్కడి నుంచి 2012లో వెస్టర్న్ డిజిటల్‌కి చేరింది. కోపమొచ్చి కంపెనీ మారదామన్నా, మారడానికి ఇంకా రెండు గుమ్మాలే.

"అక్కడ కొనకండి బావా, నేను వచ్చేప్పుడు తెస్తాను" అన్నాడు డల్లాస్‌లో ఉండే బావమరిది. తెలుగు ఇళ్ళకి అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసుల్లో చాక్లెట్లు, విటమిన్ మాత్రల మధ్య హార్డ్ డిస్కుకి కూడా చోటుంది. నవంబర్ నెలాఖరు అమ్మకాల్లో టెరాబైటు 15 డాలర్ల లోపు పడితే కళ్ళు మూసుకుని కొనేయొచ్చని అక్కడి లెక్క ఒకటి చాలాకాలం నడిచింది. అసలు వింత ఆ తర్వాత చెప్పాడు. ఆ పెద్ద పెట్టెలు కొని, ప్లాస్టిక్ డొక్కు చీల్చి, లోపలి డ్రైవు తీసి వాడుకుంటారట. విడిగా కొంటే అదే డ్రైవు ఎక్కువ ధర! మొక్కజొన్న పొత్తు వలవడానికి వాళ్ళు వాడే మాటే దీనికీ వాడతారు. పొత్తు వలిచి గింజ తీసుకోవడమన్నమాట. వలిచాక ఒక్కోసారి డ్రైవు అసలు తిరగదు. పాత కరెంటు వైరులో మూడో పిన్నుకి 3.3 వోల్టులు వస్తాయి. కొత్త డ్రైవులకి ఆ పిన్ను మీద కరెంటంటే "పడుకో" అని అర్థం. అందుకని ఆ పిన్ను మీద పసుపుపచ్చ టేపు ముక్క సన్నగా కత్తిరించి అంటిస్తారు. వేల కోట్ల పరిశోధన మీద అగ్గిపుల్లంత టేపు ముక్క! ఇది విన్నాక అతనికి ఆ డ్రైవుల మీద మొదటిసారి కాస్త ఇష్టం పుట్టింది.

ఈ వలుపుడుకి ఒక పెద్ద సందర్భం కూడా ఉంది. 2011లో థాయ్‌లాండ్‌ని వరదలు ముంచెత్తాయి. అయుత్తయ ప్రాంతంలో, బాంగ్ ప-ఇన్ దగ్గరున్న వెస్టర్న్ డిజిటల్ కర్మాగారంలోకి అక్టోబర్‌లో నీళ్ళొచ్చాయి. యంత్రాల్ని తీయడానికి గజ ఈతగాళ్ళు దిగాల్సొచ్చింది. అప్పటికి ప్రపంచంలోని హార్డ్ డిస్కుల్లో దాదాపు 40 శాతం ఆ దేశం నుంచే వచ్చేవి. ఒక నదీ లోయలో వరి చేలు మునిగితే బియ్యం ధర పెరుగుతుందని మనకి తెలుసు. ఫోటోలు దాచుకునే చోటు ధర పెరగడం ఎవరూ ఊహించలేదు. అమెరికాలో ఇళ్ళ కంప్యూటర్లకి ఆన్‌లైన్ బ్యాకప్ అమ్మే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ కొనే 3 టెరాబైట్ల డ్రైవు ధర కొన్ని వారాల్లో రెండింతలు దాటింది. సూపర్‌మార్కెట్లలో బయటి పెట్టెల ధర అంతగా పెరగలేదు, కానీ మనిషికి రెండే. దాంతో ఆ కంపెనీ ఉద్యోగులు, వాళ్ళ చుట్టాలు, స్నేహితులు అంగడి అంగడీ తిరిగి రెండేసి చొప్పున పెట్టెలు కొని, డొక్కులు చీల్చి, డ్రైవుల్ని సర్వర్లలో బిగించారు. రేషన్ షాపు దగ్గర ఇంటిల్లిపాదీ వేర్వేరుగా లైన్లో నిలబడిన జ్ఞాపకం ఉన్నవాళ్ళకి ఇది కొత్త తెలివి కాదు.

ఆ తర్వాత కూడా ధర ఎప్పుడూ తిన్నగా దిగలేదు. 2021లో చియా అనే క్రిప్టో నాణెం వచ్చింది. దాన్ని తవ్వడానికి కావాల్సింది ఖాళీ డిస్కులు. పెద్ద డ్రైవులు అంగళ్ళలో మాయమయ్యాయి. ఆ మోజు చల్లారాక అరిగిన డ్రైవులు ఎక్కడికి పోయాయి? 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని కొన్న సీగేట్ డ్రైవులు కొన్ని అప్పటికే వేల గంటలు తిరిగినవని తేలింది. పైకి కనిపించే గంటల లెక్కని ఎవరో సున్నా చేశారు, లోపలున్న ఇంకో చిట్టాని మరిచిపోయారు. కొన్నిటిలో అది 50 వేల గంటల దాకా ఉంది. సెకండ్ హ్యాండ్ కారు మీటరు వెనక్కి తిప్పడం లాంటిదే. తెలిసి కొంటే వాడిన డ్రైవు తప్పేం కాదు. తెలియకుండా కొనిపించడమే తప్పు. ఇక 2025 చివరికి ఏఐ డేటా కేంద్రాల ఆకలికి ధరలు మళ్ళీ పైకి లేచాయి. ఇంటివాడి బేరం ఎప్పుడూ ఎవరో పెద్దవాడి భోజనంలో మిగిలిన దాని మీదే.

మరి ఎన్నాళ్ళు బతుకుతాయి? బ్యాక్‌బ్లేజ్ తన దగ్గరున్న లక్షల డ్రైవుల చావుల లెక్క 2013 నుంచి బయటపెడుతోంది. 2023లో వందకి 1.70, 2024లో 1.57 పోయాయి. చూడ్డానికి ధైర్యమిచ్చే అంకెలే. కానీ వంద డ్రైవులున్నవాడికి ఒకటిన్నర. ఒక్కటే ఉన్నవాడికి ఒకటిన్నర శాతం పోవడమన్నది ఉండదు, ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

ఈలోగా అక్కకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. రాజమండ్రిలో ఉండే అక్క అంతా విని, "మాకో డీవీడీ ఇచ్చావు కదరా అప్పట్లో" అంది. నిజమే. పెళ్ళి వీడియో కత్తిరించి, పాటలు పెట్టి, గులాబీ రేకులు ఎగరేసి చేసిన డీవీడీ. అందరూ నవ్వుకున్నదే. అక్క టీవీ స్టాండు కింది అరలోంచి తీసి, అల్లుడి పాత కంప్యూటర్లో వేయించి, ఫోన్‌కి పంపింది. బొమ్మ అలుక్కుపోయినట్టుంది, రెండుచోట్ల ఆగింది. కానీ ఒకచోట, పెళ్ళికూతురి ముఖం మీద గులాబీలు రాలుతుంటే, వెనకాల ఒక పెద్దాయన అరటి గెల పట్టుకుని కుడి నుంచి ఎడమకి వెళ్ళాడు. నాలుగు సెకన్లు. పిల్ల అది ఇరవైసార్లు చూసింది. "ఒక కాలు కొంచెం ఈడుస్తాడు" అంది. అతను అది ఎప్పుడూ గమనించలేదు.

వెయ్యి గిగాబైట్ల అసలుది పోయింది, 4.7 గిగాబైట్ల వెక్కిరింతలాంటిది మిగిలింది. అదీ ఇంకో ఊళ్ళో ఉండడం వల్ల.

ఇక్కడే అతనికి అనుమానం పట్టుకుంది. అసలు ఎనిమిది టెరాబైట్లు ఎందుకు? అంటే 1,700 డీవీడీలు. ఇంట్లో ఉన్నదేమిటని రెండు రాత్రులు కూర్చుని లెక్క తీశాడు. తండ్రి క్యాసెట్టులో పాడిన రెండు పద్యాలు, డిజిటల్ చేయించినవి, 20 మెగాబైట్లు. అమ్మ ఉత్తరాల స్కాన్లు, పొలం కాగితాలు, పిల్ల పుట్టిన ఏడాది ఫోటోలు, అంతా కలిపి ఒక పెన్ డ్రైవులో పడుతుంది. మిగతాదంతా ఏమిటి? మంచి నాణ్యతలో 4కే వీడియో గంటకి 45 గిగాబైట్లు తింటుంది. స్కూల్ యాన్యువల్ డేలో పిల్ల రెండు నిమిషాలు కనిపించే మూడు గంటల వీడియో ఉంది. ఒకే గుడి గోపురం పద్నాలుగుసార్లుంది. శుభోదయం గులాబీలు వేలున్నాయి. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1న ఉచితంగా ఎంతైనా అన్న మాట వెనక్కి తీసుకునేదాకా ఇవన్నీ ఎక్కడున్నాయో కూడా ఎవరూ అడగలేదు. ఏరి పారేద్దామని కూర్చున్నాడు. అరగంటలో ముప్ఫై ఫోటోలు తీసేసి, వాటిలో పదకొండు మళ్ళీ వెనక్కి తెచ్చాడు. ఏది పనికిరాదో ఇప్పుడెలా తెలుస్తుంది? అరటి గెల పట్టుకుని వెనక నడిచినవాణ్ణి ఫోటోగ్రాఫర్ కావాలని తీయలేదు కదా. చోటు చవకైన కొద్దీ ఏరే పని వాయిదా పడుతుంది, నిజమే. ఆ వాయిదాకి కట్టే డబ్బు ఎక్కువేమీ కాదని కూడా అనిపించింది. ఒకసారి బద్ధకమనిపిస్తుంది, ఒకసారి జాగ్రత్త అనిపిస్తుంది. తేలలేదు.

ఏరే అవకాశం లేని కాలమూ ఒకటుంది. తాటాకుకి ఆయుష్షు తక్కువ, పురుగుకి ఆకలి ఎక్కువ. ఒక కావ్యం బతకాలంటే ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ రాయాలి, ఆ శ్రమకి ఓర్చేవాళ్ళు లేని గ్రంథం పోయేది. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తన సొంత డబ్బుతో పండితుల్ని, రాతగాళ్ళని పెట్టుకుని, ఒక్కో గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన ఇచ్చిపోయిన రాతప్రతులు ఇవాళ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఎన్నో ప్రతులు ఎందుకు? ఏ ఒక్కదాన్నీ నమ్మలేడు కనుక. పాత రాతగాళ్ళు ప్రతి చివర ఒక మాట రాసేవాళ్ళు, చూసింది చూసినట్టే రాశాను, తప్పుంటే నన్ననొద్దని. కంప్యూటర్ "కాపీ అయిపోయింది" అన్నప్పుడు దాని మాటకి అంతకన్నా విలువివ్వాలా? అక్కర్లేదు. ఫైలుకి చెక్‌సమ్ తీసే చిన్న ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఎంత పెద్ద ఫైలైనా నమిలి 64 అక్షరాల ముద్ర ఒకటి ఇస్తాయి. అసలుకీ నకలుకీ అదే ముద్ర వస్తే ఒక్క బిట్టు కూడా తేడా లేదని నమ్మొచ్చు. బ్రౌన్ పండితుల పని ఒక మధ్యాహ్నంలో.

చివరికి రెండు కొన్నాడు, ఒక్కో కంపెనీది ఒక్కోటి, ఇక్కడే, బిల్లుతో. బావమరిది చిన్నబుచ్చుకున్నాడు. కానీ సూట్‌కేసులో వచ్చిన దానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదోనన్న బెంగ ఎవరు పడతారు? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 లెక్క అతనికి నచ్చింది. ప్రతులు మూడు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట. ఆ మూడోదే మన ఇళ్ళల్లో ఎవరూ చేయరు. నగలు బ్యాంకు లాకర్లో పెడతారు, ఫోటోలు మాత్రం రెండు ప్రతులూ ఒకే బీరువాలో, ఒకే పై అరలో.

నింపడానికి ఒక రాత్రి పట్టింది. తలుపు దగ్గరగా వేసిన గదిలో పెట్టె గుర్రుపెట్టింది. మొదటి గంటలో మూడుసార్లు వెళ్ళి చూశాడు. టక్కు లేదు, బియ్యం చెరుగుతున్నట్టు మెత్తటి గరగర. తెల్లారాక ముద్రలు పోల్చాడు. ఒక ఫైలు కలవలేదు. గుడి గోపురం, తొమ్మిదోది. మళ్ళీ కాపీ చేశాడు.

సంక్రాంతికి రాజమండ్రి వెళ్తూ రెండో పెట్టెని స్వెటర్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాడు. అడాప్టర్ మీద తెల్ల కాగితం అంటించి "హార్డ్ డిస్క్‌ది మాత్రమే" అని పెన్నుతో రాశాడు. లాప్‌టాప్ వైరు దీనికి గుచ్చి 12 వోల్టుల బోర్డుని 19 వోల్టులతో కాల్చుకున్నవాళ్ళ కథలు విని ఉన్నాడు.

"ఎంత పడుతుందిరా ఇందులో?" అంది అక్క.

"ఎనిమిది టీబీ."

"టీబీ ఏంట్రా, పండగ పూట!" అని, పేరు ఇంకోటేదైనా పెట్టుకోకూడదా వాళ్ళు అని గొణుక్కుంటూ, బీరువాలో కంచిపట్టు చీర పక్కకి జరిపింది. కలరా ఉండలు ఎటు వేయాలో తేల్చుకోలేక చేతిలోనే పట్టుకుంది.

"దీనికి అప్పుడప్పుడూ ఛార్జింగ్ పెట్టాలా?"

"అక్కర్లేదక్కా. ఏడాదికోసారి వచ్చినప్పుడు నేనే తిప్పి చూస్తాను."

"ఏడాదికోసారైనా వస్తావన్నమాట" అంది అక్క, తాళం వేస్తూ.